హోయా ప్యూబికేలిక్స్: మూడేళ్లు, తొమ్మిది అడుగుల తీగ, ఒక్క పూగుత్తి లేదు

కుండీ_కొత్తిల్లు
ఆన్‌లైన్‌లో 4 అంగుళాల కుండీతో కొన్న వ్యాక్స్ ప్లాంట్. లేబుల్ మీద హోయా కార్నోసా అని ఉంది. ఆకు బెత్తెడు పొడుగు, కోసుగా ఉంటుంది, పైన వెండి రంగు చుక్కలు చిలకరించినట్టు ఉంటాయి. లేత ఆకు ముదురు ఎరుపు. ఇప్పుడు 10 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో ఉంది. మట్టి: ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లు. చోటు: హైదరాబాదు, హాల్లో, తూర్పు కిటికీకి ఐదడుగుల దూరంలో. రెండ్రోజులకోసారి బోరు నీళ్లు. నెలకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లు), లీటరుకి అర టీస్పూను. తీగలు తొమ్మిది అడుగులు సాగాయి. ఆకుల్లేని బోడి తీగలు వస్తే అందంగా లేవని కత్తిరిస్తూ వచ్చాను. పువ్వు మాత్రం లేదు. 0:52:34 కొట్టమని ఒకరు, చలికాలం రెండు నెలలు నీళ్లు మానెయ్యమని వీడియోలో ఇంకొకరు. ఏది చెయ్యాలి?

బాల్కనీ_బాబాయ్
బోడి తీగలు కత్తిరించావా తల్లీ! పెళ్లికొడుకుని గుమ్మంలోంచి పంపించేసి పెళ్లెప్పుడు అని అడిగినట్టుంది.

లుజాన్_తీగ
బాబాయ్ జోకు పక్కన పెట్టి మొదట మొక్క పేరు తేల్చుకుందాం, సగం గందరగోళం అక్కడే ఉంది.

ఆకు పొడుగ్గా, కోసుగా, వెండి మచ్చలతో, లేతప్పుడు ఎర్రగా ఉంటే అది కార్నోసా కాదు, ప్యూబికేలిక్స్. మన దగ్గర నర్సరీల్లో ఈ రెండూ ఒకే పేరుతో అమ్ముతారు. కార్నోసా ఆకు పొట్టిగా, గుండ్రంగా, మందంగా ఉంటుంది. పువ్వు కూడా వేరు: కార్నోసాది లేత గులాబీ, మధ్యలో చిన్న ఎర్ర నక్షత్రం. ప్యూబికేలిక్స్‌ది రకాన్ని బట్టి గులాబీ నుంచి నల్లగా కనిపించే ముదురు ఎరుపు దాకా.

పేరు ఎందుకు ముఖ్యమంటే రెండింటి పుట్టిల్లు వేరు. కార్నోసా దక్షిణ చైనా, తైవాన్, జపాన్ దక్షిణ దీవుల వైపుది, కాస్త చలి చూసిన మొక్క. ప్యూబికేలిక్స్ ఫిలిప్పీన్స్‌ది, లుజాన్ దీవి అడవుల్లో చెట్లెక్కి పెరిగేది. మనీలాలో పనిచేసిన అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎల్మర్ మెరిల్ 1918లో దీనికి పేరు పెట్టాడు. పువ్వు కింద రక్షకపత్రాల మీద నూగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. అక్కడ ఏడాది పొడుగునా వెచ్చదనం, గాలిలో తడి.

నువ్వు చూసిన 'చలికాలం నీళ్లు మానెయ్' సలహా చలిదేశాల కిటికీల్లో పెరిగే కార్నోసా కోసం పుట్టింది. దాన్ని ఈ దీవి మొక్కకి తగిలిస్తే చలికి పూత రాదు, వేరు ఎండుతుంది. హైదరాబాదు డిసెంబరులో 13, 14 డిగ్రీలకి దిగితే మొక్క తనే నిదానిస్తుంది, నీళ్ల వ్యవధి పెంచితే చాలు, మానక్కర్లేదు. 10 డిగ్రీల కంటే తగ్గే రాత్రుల్లో లోపల పెట్టుకో.

ఎరువుల_శాస్త్రి
0:52:34 గురించి. అందులో 52 శాతం భాస్వరం, 34 శాతం పొటాష్. భాస్వరం పువ్వు తెప్పిస్తుందన్నది నర్సరీ పురాణం. చిన్న కుండీలో ఎక్కువైతే ఇనుము, జింకు వేరుకి అందవు, లేత ఆకు పాలిపోతుంది. అయినా వెలుతురు చాలని మొక్కకి ఏ ఎరువు పోసినా పువ్వు రాదు. ముందు ఆ ఐదడుగుల దూరం సంగతి చూడండి.

ఇక 19:19:19. అర టీస్పూను అంటే సుమారు 2.5 గ్రాములు. లీటరుకి 1 గ్రాము వేస్తేనే నత్రజని 190 పి.పి.ఎం. (పది లక్షల పాళ్లలో 190) అవుతుంది. హోయాకి దాంట్లో సగం చాలు. లీటరుకి అర గ్రాము, 15 రోజులకోసారి, తడి మట్టిలోనే. ఇన్నాళ్లూ మీరు దీనికి పెళ్లి భోజనం పెట్టారు, అదీ చీకటి గదిలో.

ఉప్పుగాలి_విశాఖ
శాస్త్రిగారితో సగమే ఒప్పుకుంటా. మొగ్గ కనపడ్డాక 13:0:45 (పొటాషియం నైట్రేట్) లీటరుకి అర గ్రాము, రెండుసార్లు ఇస్తే మొగ్గ రాలడం తగ్గుతోంది ఇక్కడ.

ఎరువుల_శాస్త్రి
ఇస్తే నష్టం లేదు. కానీ మొగ్గ రాలకపోవడం పొటాష్ వల్లో, మీ సముద్రపు గాలి తడి వల్లో తేల్చడానికి పక్కనే ఇవ్వని కుండీ ఉందా?

ఉప్పుగాలి_విశాఖ
లేదు 🙂

అనంత_ఎండ
వెలుతురు లెక్క అంకెల్లో చెప్పుకుంటే గొడవ ఉండదు. ఫోన్‌లో లక్స్ (వెలుతురు కొలత) మీటర్ యాప్ వేసుకో, ఆకు ఉన్నచోట ఫోన్ తెర పైకి పెట్టి చూడు, ఉదయం 11 ప్రాంతంలో. ఆరుబయట ఎండ లక్ష లక్స్. కిటికీ నుంచి ఐదడుగులు లోపలికి వస్తే చాలా ఇళ్లలో వెయ్యి కూడా దాటదు. మన కంటికి వెలుగ్గానే ఉంటుంది, కన్ను మోసం చేస్తుంది. ప్యూబికేలిక్స్ ఆకు వెయ్యాలంటే రెండుమూడు వేలతో సరిపెట్టుకుంటుంది. పూతకి రోజులో ఎక్కువసేపు పది వేల పైన కావాలి, ఇరవై వేలు అయితే ఇంకా మేలు.

అంటే బాల్కనీ గ్రిల్లు. తూర్పు ముఖం అయితే ఉదయం ఎండ తొమ్మిదిన్నర దాకా నేరుగా పడినా తట్టుకుంటుంది. పడమర ముఖం అయితే మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం గ్రీన్ నెట్ తప్పదు.

ఒక్కసారిగా తీసుకెళ్లి ఎండలో పెట్టకండి. వారానికి ఒకటిన్నర అడుగు చొప్పున కిటికీ దగ్గరికి జరుపుతూ, నాలుగో వారానికి బయటికి. నీడలో పెరిగిన ఆకు ఒక్క మధ్యాహ్నానికే కాలి తెల్లటి అట్టలా అవుతుంది, అది మళ్లీ పచ్చబడదు. ఆకు కాస్త ఎర్రబడటం వేరే సంగతి, అది ఎండకి అలవాటు పడుతున్న రంగు, కంగారు లేదు. ఆకంతా పసుపు తిరిగి వెండి మచ్చలు కలిసిపోతే మాత్రం వెనక్కి జరపాలి.

బాల్కనీ_బాబాయ్
అనంతపురంలో పెరిగే హోయాకి అసలు ఎర్రబడటం తప్ప వేరే రంగు తెలుసా?

అనంత_ఎండ
రెండు పొరల నెట్ బాబాయ్. 42 డిగ్రీలప్పుడు మొక్క ఏమీ చెయ్యదు, ఊరికే ప్రాణం నిలబెట్టుకుంటుంది. మా వైపు పూత అంతా వానలు మొదలయ్యాక జులై నుంచి నవంబరు దాకే.

కుండీ_కొత్తిల్లు
యాప్‌లో చూశాను. మొక్క దగ్గర 640. గ్రిల్లు దగ్గర 14,000. నోట మాట రాలేదు.

ఇంకో ప్రశ్న. బోడి తీగలు ఎందుకు కత్తిరించకూడదు? అవి ఆకు వెయ్యకుండా నాలుగడుగులు పోతున్నాయి కదా.

లుజాన్_తీగ
చెట్టెక్కే మొక్క కదా, ముందు ఆకు వెయ్యకుండా తీగని దూరం పంపిస్తుంది, పట్టు దొరికే కొమ్మ కోసం వెతకడానికి. పట్టు దొరికి, వెలుతురు తగిలాక కణుపు కణుపుకీ ఆకుల జత వేస్తుంది. తర్వాత ఆ కణుపుల్లోంచే పూకాడలు వస్తాయి. నువ్వు కత్తిరించిన ప్రతిసారీ ఆ లెక్క మొదటికొచ్చింది.

కణుపులో వచ్చింది పూకాడో ఆకు చిగురో తెలియక కూడా చాలామంది కోసేస్తారు. దగ్గరగా చూడు. ఆకు చిగురు అయితే కొస రెండుగా చీలి, నమస్కారం పెట్టినట్టు రెండు చిన్న ఆకుమొనలు అంటుకుని ఉంటాయి. పూకాడ కొస మొద్దుగా, అగ్గిపుల్ల తలంత ఉంటుంది, దానిమీద ఆవగింజ కంటే చిన్న బుడిపెలు పొలుసుల్లా కిక్కిరిసి ఉంటాయి. ఆ బుడిపెలే తర్వాత మొగ్గలు. గాలివేర్లు మూడో రకం, కణుపుల మధ్య కాండం పొడవునా కూడా గరుకుగా పొడుచుకొస్తాయి, గోధుమ రంగు. వాటితో పనిలేదు, తీసెయ్యనూ అక్కర్లేదు.

ముఖ్యమైనది: పూలు రాలాక పూకాడ కోయకూడదు. మల్లెకి, గులాబీకి పూత అవగానే కత్తిరించే అలవాటు మనకి. హోయాకి తిరగబడుతుంది. అదే కాడ కొస నుంచి మళ్లీ మళ్లీ పూస్తుంది, ఒక్కో పూతకి కాస్త సాగుతుంది. పాత కాడ మీద రాలిన తొడిమల మచ్చలు వరసగా కనిపిస్తాయి.

జిల్లేడు_పాలు
ఈ పువ్వు అర్థం కావాలంటే రోడ్డు పక్కన జిల్లేడు పువ్వు చూసిరండి. రెండూ ఒకే కుటుంబం. మధ్యలో అయిదు ముక్కల కిరీటం, కోస్తే పాలు, పుప్పొడి పొడిలా రాలకుండా రెండు మైనపు ముద్దలుగా ఉండటం, వాటిని కలిపే క్లిప్పు పురుగు కాలికి తగులుకుని ఇంకో పువ్వుకి పోవడం, అన్నీ ఒకటే. కాయ పగిలితే దూదిపింజెలతో విత్తనాలు ఎగరడం కూడా.

హోయా అన్న పేరు రాబర్ట్ బ్రౌన్ 1810లో పెట్టాడు, ఇంగ్లండులో సయాన్ హౌస్ తోట చూసిన థామస్ హోయ్ పేరు మీద. తోటమాలి పేరుతో ఒక ప్రజాతి మొత్తం ఉండటం నాకు నచ్చే సంగతి.

పిండినల్లి_వైరి
జిల్లేడు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇంటి చుట్టూ జిల్లేడో గన్నేరో ఉంటే వాటి మీద పసుపుపచ్చ పేనుబంక, నల్ల కాళ్లతో గుంపులుగా ఉంటుంది చూడండి. అది సూటిగా హోయా లేత కొసల మీదికి వస్తుంది, చుట్టాలిల్లు కదా. వారానికోసారి లేత కొసలు తిప్పి చూడాలి. కొంచెమే ఉంటే వేళ్లతో నులిమి నీళ్లతో కడిగితే చాలు.

అసలు శత్రువు పిండినల్లి. ఆకు కాండానికి కలిసే సందులో, పూకాడ అడుగున, మొగ్గల మధ్య దూదిలా దాక్కుంటుంది. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ దూదికి అద్ది ఒక్కో పురుగునీ తుడవాలి. శానిటైజర్ జెల్ వద్దు, అందులోని జిగురు ఆకుమీద పొరలా నిలుస్తుంది. తుడిచిన మర్నాడు సాయంత్రం లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. గిన్నెల సబ్బు ద్రవం బాగా గిలకొట్టి ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే నూనెకి ఆకు కాలుతుంది. ఒక్కసారితో అయిపోదు. గుడ్లు చావవు, అందుకే ఏడు రోజుల తేడాతో మూడుసార్లు. మధ్యలో ఒక వారం మానేస్తే మళ్లీ మొదటి నుంచి.

కుండీ_కొత్తిల్లు
ఆకుల మీద జిగట చుక్కలు ఉన్నాయి. పురుగు కనపడలేదు. చీమలు తిరుగుతున్నాయి.

పిండినల్లి_వైరి
పువ్వు లేని మొక్క మీద జిగట, చీమలు అంటే పురుగు ఉన్నట్టే లెక్క. పైన కనపడకపోతే కాండానికి అతుక్కున్న గోధుమరంగు చిప్పలు వెతకండి, అవి పొలుసు పురుగులు, గోటితో గీకితే ఊడతాయి. అవీ లేకపోతే కుండీలోంచి వేరుముద్ద బయటికి లాగి చూడండి. వేళ్ల చుట్టూ, కుండీ లోపలి గోడకి తెల్ల బూజులాంటి పొడి ఉంటే వేరు పిండినల్లి. మట్టంతా పారేసి, వేరు ధారకింద కడిగి, కుండీ మరిగే నీళ్లతో కడిగి మళ్లీ నాటాలి. ప్లాస్టిక్ కుండీకి వేడి నీళ్లు చాలు.

డాలస్_తోట
పూలున్నప్పుడు జిగట వేరు అని కొత్తవాళ్ల కోసం కలుపుతున్నా. ప్యూబికేలిక్స్ పువ్వు తేనె కారుస్తుంది, కిరీటం మధ్యలోంచి చుక్కగా జారి కింద ఆకుల మీద, సోఫా మీద పడుతుంది. కిటికీ పక్కన తివాచీ ఉంటే ముందే తీసెయ్యండి.

ఇక్కడ డాలస్‌లో దక్షిణ కిటికీ, గాజుకి అడుగు దూరం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు 24 వాట్ల తెల్ల ఎల్.ఇ.డి. ట్యూబు ఆకులకి 25 సెంటీమీటర్ల పైన, 12 గంటలు టైమరుతో. చలికాలం ఇబ్బంది చలి కాదు, హీటరు గాలి. గాలిలో తడి 25 శాతానికి పడిపోతే మొగ్గలు పసుపు తిరిగి ఒక్కొక్కటే ఊడిపోతాయి. హ్యూమిడిఫయరు ఆన్ చేసి 50 దగ్గర నిలిపితే ఆగుతాయి.

ఉప్పుగాలి_విశాఖ
మొగ్గ రాలడానికి మా దగ్గర కారణం ఎప్పుడూ ఒకటే: మొగ్గ చూసిన సంబరంలో కుండీని ఫోటో కోసం హాల్లోకి తేవడం. వెలుతురు దిక్కు మారితే ఒప్పుకోదు. మొగ్గ బియ్యపుగింజంత అయ్యాక కుండీ కదపొద్దు, తిప్పొద్దు.

లుజాన్_తీగ
దానికి రెండోది కలుపు: మొగ్గ దశలో ఒక్కసారి వేరు పూర్తిగా ఎండిపోవడం. మామూలప్పుడు పది రోజులు నీళ్లు లేకున్నా ఈ ఆకు తట్టుకుంటుంది, అప్పుడు మాత్రం కాదు. మొగ్గ కనపడినప్పటి నుంచి విచ్చే దాకా నెల రోజులు అటూ ఇటూ పడుతుంది, ఆ నెల కాస్త శ్రద్ధ.

కుండీ_కొత్తిల్లు
వేరు లాగి చూశాను. పిండినల్లి లేదు, కాండం మీద పొలుసు పురుగులు ఓ ఇరవై దొరికాయి, స్పిరిట్‌తో తీశాను. కానీ వేరు సగం గోధుమరంగు, లాగితే పైతోలు ఊడి దారంలా మిగులుతోంది. కుండీలో అడుగు సగం బురద.

అనంత_ఎండ
10 అంగుళాల కుండీ, ఎర్రమట్టి, రెండ్రోజులకోసారి నీళ్లు, 640 లక్స్. ఇంకా బతికి ఉండటమే గొప్ప.

లుజాన్_తీగ
మళ్లీ నాటడం తప్పదు. చెట్టు బెరడు మీద, ఆకుచెత్త పోగయ్యే సందుల్లో బతికే వేరు ఇది, ముద్ద మట్టిలో ఊపిరాడదు. ఇలా చెయ్యి:

కుళ్లిన వేరు అంతా కత్తెరతో తీసెయ్. తెల్లగా, గట్టిగా ఉన్నది మాత్రమే ఉంచు. ఒక్క పూట నీడలో ఆరబెట్టు. మిగిలిన వేరుముద్ద చుట్టూ వేలెడు ఖాళీ మిగిలే కుండీ తీసుకో, నీకు 5 అంగుళాలది సరిపోవచ్చు. మట్టి కుండీ అయితే మేలు, అడుగు రంధ్రం పెద్దది ఉండాలి.

మిశ్రమం కొలతతో: కొబ్బరిపీచు ముక్కలు 4 డబ్బాలు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుల్లరాయి పలుకులు) 3, బఠాణీ గింజంత బొగ్గు ముక్కలు 1, వర్మీకంపోస్టు 1. మట్టి వద్దు. నాటాక మూడు రోజులు నీళ్లు పొయ్యకు, నాలుగో రోజు నిండా పొయ్యి. రెండు నెలలు ఎరువు మాట ఎత్తకు.

అనంత_ఎండ
అక్కా, ఆ కొలత విశాఖకి సరిపోతుంది. హైదరాబాదు ఏప్రిల్‌లో ఒక్క రోజులో ఎండిపోతుంది. పీచు ముక్కలు 3కి తగ్గించి, కోకోపీట్ 1 కలపాలి. మట్టి కుండీ బదులు ప్లాస్టిక్ కుండీ పక్కలకి కాల్చిన మేకుతో ఎనిమిది చిల్లులు పెడితే గాలీ ఆడుతుంది, తడీ కాస్త నిలుస్తుంది.

లుజాన్_తీగ
సరే, ఆరుబయట బాల్కనీకి నీ కొలతే బాగు. అయితే ఇప్పుడు సగం వేరుతో ఉన్న మొక్కకి తడి నిలవడం ప్రమాదం. మొదటి ఆర్నెల్లు నాది, వేసవికి ముందు నీది.

ఎరువుల_శాస్త్రి
కోకోపీట్ అయినా, పీచు ముక్కలైనా నేరుగా కుండీలో వెయ్యొద్దు. ఉప్పు ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి పారబొయ్యాలి, ఇలా మూడు నీళ్లు. ఆఖరిసారి నానబెట్టే నీళ్లలో లీటరుకి 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి 12 గంటలు ఉంచి, పిండి, ఇంకోసారి మంచి నీళ్లతో కడగాలి. లోపలి సోడియం స్థానంలో కాల్షియం చేరుతుంది. ఈ పని ఎగ్గొడితే నెలలో ఆకుకొసలు మాడతాయి, జనం నీళ్లు తక్కువయ్యాయేమో అని ఇంకా పోస్తారు.

కాల్షియం నైట్రేట్‌ని 19:19:19తో ఒకే బకెట్లో కలపొద్దు, భాస్వరంతో కలిసి తెల్ల సుద్దలా అడుగున పేరుకుంటుంది. వేరువేరు రోజుల్లో.

ఇక బోరు నీళ్లు. మీ ఇంట్లో టి.డి.ఎస్. (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు ఉంటే కొలవండి.

కుండీ_కొత్తిల్లు
ఆర్.ఓ. మెకానిక్ దగ్గర కొలిపించా. బోరు 910, ఫిల్టరు నీళ్లు 60. లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

ఎరువుల_శాస్త్రి
ఆ పసుపు ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, బోరు నీళ్లలోని సున్నం వల్ల క్షారం పెరిగి వేరుకి అందట్లేదు. షాపులో ఇడిటిఏ అనే రకం ఇనుము ఇస్తారు, క్షారం ఎక్కువున్నచోట అది నిలవదు. ఇడిడిహెచ్ఏ అని రాసి ఉన్న ముదురెరుపు పొడి అడగండి, లీటరుకి 0.2 గ్రాములు, నెలకోసారి, మట్టికే. ఆకుమీద కొడితే మరకలు.

నీళ్లు: ఫిల్టరు నీళ్లు మూడు వంతులు, బోరు ఒక వంతు. ఫిల్టరు నుంచి పారబోసే వ్యర్థపు నీళ్లు మొక్కలకి పోస్తుంటారు చాలామంది, పొదుపు అని. అందులో ఉప్పు బోరు నీళ్ల కంటే ఎక్కువ. ఏసీ గొట్టం నీళ్లు పట్టుకుంటే బ్రహ్మాండం, దాదాపు వాన నీరే. వాన కురిస్తే బకెట్ పెట్టండి.

బాల్కనీ_బాబాయ్
ఏసీ నీళ్లు మొక్కకి, కరెంటు బిల్లు మనకి.

కుండీ_కొత్తిల్లు
నీళ్లు ఎన్ని రోజులకోసారి?

లుజాన్_తీగ
రోజుల లెక్క వదిలెయ్. ముదురు ఆకు ఒకటి పట్టుకుని రెండంచులూ పైకి మెల్లగా వంచు. అట్టముక్కలా ఎదురు తిరిగితే లోపల నీళ్లున్నాయి, పొయ్యకు. రొట్టెలా ఒంగితే పొయ్యి, అడుగు రంధ్రంలోంచి కారేదాకా. లేత ఆకుతో పరీక్షించకు, అది ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఆకు మెత్తబడి, మట్టి మాత్రం తడిగా ఉంటే అది దాహం కాదు, వేరు కుళ్లు. ఆ తేడా తెలియకే చాలా హోయాలు పోతాయి.

నల్గొండ_నారుమడి
సగం వేరు పోయింది అంటున్నరు కదా, బీమాకి రెండు ముక్కలు కూడా పెట్టుకోండి. పచ్చి, మొద్దు తీగ, రెండు కణుపులు ఉండాలె. కింది కణుపు ఆకులు తీసేసి, కారే పాలు నీళ్లతో కడగాలె, ఆ చేతితో కళ్లు ముట్టొద్దు, మండుతది. రెండు గంటలు ఆరినంక తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్‌ (ఎండు నాచు)లో కింది కణుపు మునిగేటట్టు పెట్టి, పైన చిల్లులు పెట్టిన పాలిథిన్ కవరు. 25 నుంచి 30 డిగ్రీలుంటే మూడు నాలుగు వారాలకి వేరు. వానకాలం తొందరగ వస్తది. బోడి తీగ లేత కొస పెడితే కుళ్లుతది.

డాలస్_తోట
ఒక్క ఆకు నాటితే వస్తుందా అని ఎవరో అడగబోతున్నారు. వేరు వస్తుంది, ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది, తీగ రాదు, ఎందుకంటే కణుపు లేదు. ప్రేమికుల రోజుకి కుండీలో అమ్మే హృదయాకారపు హోయా కెర్రీ ఆకు సంగతీ అంతే.

బాల్కనీ_బాబాయ్
పెరగనూ పెరగదు, చావనూ చావదు. ప్రేమికుల రోజుకి తగ్గ కానుకే.

తెల్లకాగితం
నీలం హోయా విత్తనాలు, 100 గింజలు 149 రూపాయలు అని కనపడుతున్నాయి. తెప్పించనా?

జిల్లేడు_పాలు
వద్దు. మొదటిది, ఆ ఫోటోలోని నీలం కంప్యూటరు రంగు. రెండోది, హోయా విత్తనం కాయ పగిలిన కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. కవరులో నెలలు నిలవ ఉన్నది మొలిస్తే అది తోటకూరే.

కుండీ_కొత్తిల్లు
నాటేశాను. 5 అంగుళాల కుండీ, అక్క కొలత. రెండు ముక్కలు మాస్‌లో పెట్టాను. గ్రిల్లుకి మూడడుగుల దగ్గరకి జరిపాను, వచ్చే వారం ఇంకాస్త. తీగల్ని వైరు రింగుకి చుట్టొచ్చా, వేలాడదీయాలా?

ఉప్పుగాలి_విశాఖ
చుట్టొచ్చు. తీగ సహజంగా ఏ వైపు మెలి తిరుగుతుందో అటే చుట్టు, ఎదురు చుట్టితే రాత్రికి రాత్రి విప్పుకుంటుంది. అడ్డంగా చుట్టిన తీగకి కణుపు కణుపుకీ చిగురొస్తుంది, నిలువుగా వదిలితే కొసకే పోతుంది.

అనంత_ఎండ
అడ్డమా నిలువా అన్నది అందం కోసం. రింగు లోపలి వైపు ఆకులకి వెలుతురు అందకపోతే అక్కడ పూకాడ రాదు, అంతే. ఒకదాని మీద ఒకటి ఇరవై చుట్లు చుట్టకండి, వేళ్లు దూరే సందు ఉంచండి. పిండినల్లి వెతకడానికైనా చెయ్యి పట్టాలి కదా.

పిండినల్లి_వైరి
ఆ చివరి మాటకి వంద లైకులు.

కుండీ_కొత్తిల్లు
ఎప్పటికి పూస్తుందని అనుకోవచ్చు?

లుజాన్_తీగ
వేరు పట్టడానికే మూడు నెలలు. ఆ తర్వాత వచ్చే బోడి తీగలు ముదిరి ఆకు వెయ్యడానికి ఇంకో నాలుగైదు. అన్నీ కుదిరితే వచ్చే వానకాలం. మొదటిసారి కాడ వచ్చి మొగ్గలు ఆవగింజ దగ్గరే ఎండిపోవచ్చు, అది ఓటమి కాదు, కాడ మాత్రం కొయ్యకు.

విచ్చేది ఎక్కువగా సాయంత్రం పూట. మొగ్గ అయిదు పలకల చిన్న దిండులా ఉంటుంది, అంచుల దగ్గర చీలి రేకులు వెనక్కి ఒంగుతాయి. రేకు మీద మఖమల్ లాంటి నూగు, మధ్యలో కిరీటం మాత్రం నున్నగా, నెయ్యి రాసినట్టు మెరుస్తుంది. ఒక గుత్తికి ఇరవై ముప్పై పూలు, బంతిలా. వాసన చీకటి పడ్డాకే, పగలు దాదాపు ఉండదు. పడగ్గది కిటికీకి మరీ దగ్గరగా పెట్టకు, కొందరికి తలనొప్పి తెప్పించేంత ఘాటు.

కుండీ_కొత్తిల్లు
ఒక్క చిన్న సందేహం. పోయిన నెల కత్తిరించకుండా మిగిలిన ఒకే ఒక్క బోడి తీగ ఉంది. నాటేటప్పుడు దాని కొస విరిగి వాడిపోయింది. ఏం చెయ్యను?

నల్గొండ_నారుమడి
ఎండిన కాడికే కత్తిరించుర్రి, పచ్చగున్న కణుపుకి అంగుళం పైన. పాలు కారుడు ఆగేదాక దూది ఒత్తిపట్టాలె. ఆ కణుపుల నుంచే ఇంకో తీగ వస్తది.

బాల్కనీ_బాబాయ్
ఈసారి కత్తెర మాకు కొరియర్ చేసెయ్ తల్లీ.